మిథనాల్ మరణాల వార్తలో చికిత్స సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

కల్తీ మద్యంలో మిథనాల్ అనే విషపూరిత ఆల్కహాల్ కలిసి ప్రాణాలు పోయినప్పుడు పత్రికలు మృతుల సంఖ్యను, అరెస్టులను వివరంగా ప్రచురిస్తాయి. అదే మద్యం తాగి ఇంకా ఇంటి దగ్గరే ఉన్నవారు వెంటనే ఏం చేయాలో మాత్రం ఆ వార్తల్లో తరచుగా కనిపించదు. మీ పత్రిక ఈ లోటు తీర్చాలని కోరుతున్నాను.

పూర్వం కలపను గాలి తగలకుండా వేడిచేసి, వెలువడిన ఆవిరిని చల్లార్చి తీసేవారు కనుక మిథనాల్‌ను ఉడ్ ఆల్కహాల్ అని కూడా అంటారు. 1923లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ సంస్థ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల నుంచి అధిక పీడనంలో దీనిని పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ముఖ్యమైన ముడిసరుకులు సహజవాయువు, బొగ్గు. ఫార్మాల్డిహైడ్, ఎసిటిక్ ఆమ్లం, బయోడీజిల్ తయారీకి ఇది అవసరం కాబట్టి నిషేధించమని నేను అడగడం లేదు.

మద్యంలో కలిపితే దీనిని రంగును బట్టి గానీ, వాసనను బట్టి గానీ, రుచిని బట్టి గానీ పోల్చుకోలేం. పైగా అసలు విషం తాగిన తరువాత శరీరంలోనే తయారవుతుంది. కాలేయంలోని ఎంజైములు మిథనాల్‌ను ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా అడ్డుపడి, కంటి నరాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుంది. 10 మిల్లీలీటర్లతోనే చూపు పోవచ్చు, 30 మిల్లీలీటర్లు ప్రాణం తీయవచ్చు. ఈ మార్పు నెమ్మదిగా సాగడం వల్ల తీవ్రమైన లక్షణాలు బయటపడటానికి చాలాసార్లు 12 నుంచి 24 గంటలు, మామూలు ఆల్కహాల్ కూడా కలిసి ఉంటే అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి వస్తే తాగిన మత్తు ఇంకా దిగలేదనుకుని పడుకోబెడతారు. చూపు మసకబారాక ఆస్పత్రికి పరుగెత్తేసరికి ఎంతో విలువైన సమయం గడిచిపోయి ఉంటుంది. నన్ను అన్నిటికన్నా బాధించేది ఇదే, ఎందుకంటే దీనికి చికిత్స ఉంది.

ఫోమెపిజోల్ అనే మందు కాలేయంలో మిథనాల్‌ను విషంగా మార్చే ఎంజైమును అడ్డుకుంటుంది. అది దొరకని చోట వైద్యులు మోతాదు లెక్కకట్టి ఇథనాల్, అంటే మామూలు ఆల్కహాల్, ఇస్తారు. ఇది ఇంట్లో ఎవరూ ప్రయత్నించవలసిన పని కాదు. రక్తంలో చేరిన విషాన్ని డయాలసిస్ తొలగిస్తుంది.

అందువల్ల ఇలాంటి వార్త వచ్చిన మొదటి రోజే, అదే పేజీలో ఈ సూచనలు ప్రచురించండి: ఆ మద్యం తాగినవారు ఏ బాధా లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, మిథనాల్ అనుమానం ఉందని వైద్యులకు చెప్పాలి, మిగిలిన మద్యం ఉంటే సీసాతో సహా తీసుకువెళ్లాలి. తాగిన సంగతి బయటపడితే కేసు పెడతారన్న భయంతో ఇంట్లోనే ఉండిపోయేవారు కూడా ఉంటారు కాబట్టి, ముందు చికిత్సకు రమ్మని అధికారుల చేతనే చెప్పించి ప్రచురిస్తే మరీ మంచిది.

ఇట్లు,
మీ పాఠకుడు