వుజూ దుఆల కింద ఆధారం కూడా అచ్చువేయండి

సంపాదకులు గారికి,

రంజాన్ నెలలో పత్రికల్లో వచ్చే ఇస్లాం శీర్షికలను మా నరసాపురం, పాలకొల్లు, అమలాపురం ప్రాంతాల్లో ముస్లిములే కాక ఇరుగుపొరుగు వారు కూడా శ్రద్ధగా చదువుతారు. ఉర్దూ చదవడం రాని మా పిల్లలకు దీను (ధర్మం) సంగతులు తెలిసేది చాలావరకు తెలుగులోనే. అలాంటి శీర్షికల్లోను, దుకాణాల వారు పంచే సహరీ, ఇఫ్తార్ వేళల కార్డుల వెనుకా వుజూ (నమాజుకు ముందు చేసే అంగశుద్ధి) దుఆలన్నీ (వేడుకోళ్లన్నీ) ఏ ఆధారమూ చూపకుండా "ప్రవక్త (స) బోధించినవి" అని అచ్చవుతుండడం వల్ల ఈ లేఖ రాయవలసి వచ్చింది.

ఆ దుఆలన్నీ ఒకే స్థాయివి కావు. వుజూ ముగించి షహాదత్ (విశ్వాస సాక్ష్యవచనం) పలికినవారికి స్వర్గపు ఎనిమిది ద్వారాలూ తెరుచుకుంటాయన్న హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనం) హజ్రత్ ఉమర్ (రజి) నుంచి ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ద్వారా సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో నమోదైంది, దాని ప్రామాణికత గట్టిది. "నన్ను పశ్చాత్తాపపడేవారిలో, పరిశుద్ధులలో చేర్చు" అనే అదనపు వేడుకోలు ఇమాం తిర్మిజీ హదీసు సంకలనంలో ఉంది గాని, ఆ సనద్‌లో (ఉల్లేఖకుల వరుసలో) పొందిక లేదని తిర్మిజీయే రాశారు. తర్వాతి పండితుల్లో కొందరు దానిని అంగీకరించారు. అల్లాహ్ పేరు తలవనివారికి వుజూ లేదన్న హదీసు విషయంలోనూ అంతే. ఈ అంశంలో మంచి సనద్ గలది తనకు తెలియదని ఇమాం అహ్మద్ బిన్ హంబల్ అన్నారు, పలు మార్గాల్లో రావడం వల్ల అది బలపడుతుందని మరికొందరన్నారు.

అసలు చిక్కు అవయవానికొక దుఆ దగ్గర వస్తుంది. మా వైపు ఒక మసీదులో కుళాయిల పైన కట్టిన ఫ్లెక్సీలో, ముఖం కడిగేటప్పుడు "ముఖాలు వెలిగే రోజున నా ముఖాన్ని వెలిగించు" అని, కుడిచెయ్యి కడిగేటప్పుడు "నా కర్మల చిట్టా కుడిచేతికి ఇవ్వు" అని వరుసగా పాదాల దాకా రాసి ఉంది. మనసు కరిగే మాటలవి. వాటి భావం ఖుర్‌ఆన్ 3వ సూరా (అధ్యాయం) 106వ ఆయతులో (వాక్యంలో), 69వ సూరా 19వ ఆయతులో ఉన్నదే. ఎవరైనా తన మాటగా అలా వేడుకుంటే తప్పుపట్టడానికేమీ లేదు, హనఫీ ధర్మశాస్త్ర శాఖకు చెందిన కొన్ని గ్రంథాలు దానిని మంచి పద్ధతిగానే చెప్పాయి. కాని అవి ప్రవక్త (స) నోట వెలువడ్డాయనడం వేరు. షాఫయీ శాఖ పండితుడు ఇమాం నవవీ (మరణం 1277) ఇందులో ప్రవక్త నుంచి వచ్చినదేదీ లేదని స్పష్టంగా రాశారు. తర్వాతి శతాబ్దంలో పండితుడు ఇబ్నుల్ ఖయ్యిం, మొదట బిస్మిల్లాహ్ (అల్లాహ్ పేరు తలవడం), చివర షహాదత్ తప్ప మిగిలినవన్నీ కల్పితాలని తేల్చారు.

పుణ్యకార్యాల విషయంలో బలహీన హదీసు కూడా చెల్లుతుంది కదా అని కొందరు పెద్దలు అంటారు. చెల్లుతుందన్న హదీసు పండితుడు ఇబ్న్ హజర్ వంటివారు షరతులు కూడా పెట్టారు: బలహీనత తీవ్రంగా ఉండకూడదు, ఆచరించేవారు అది ప్రవక్త నుంచి రుజువైనదని నమ్మకూడదు. ప్రవక్త (స) బోధించినవనే ఆ ఫ్లెక్సీ శీర్షికే ఈ రెండో షరతును కాలరాస్తోంది. "నా పేరిట బుద్ధిపూర్వకంగా అబద్ధమాడినవాడు నరకంలో తన చోటు చూసుకోవాలి" అన్న ప్రవక్త (స) హెచ్చరిక బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నప్పుడు, ఇంత తేలిగ్గా ఎలా ఉండగలం?

కనుక వచ్చే రంజాన్ నుంచి ప్రతి హదీసు కిందా గ్రంథం పేరు, సంఖ్య, సహీహ్ (ప్రామాణికం), హసన్ (మంచిది), జయీఫ్ (బలహీనం) అనే స్థాయి వేయాలని, పండితుల్లో భేదం ఉంటే ఒక్క వాక్యంలో ఆ సంగతి చెప్పాలని, అచ్చుకు ముందు హదీసు చదువుకున్న ఆలింకు (మతపండితునికి) ఒకసారి చూపించాలని కోరుతున్నాను. మసీదు కమిటీలు, కార్డులు వేయించే వ్యాపారులు కూడా ఇదే పాటించాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నరసాపురం