రాత్రి డ్యూటీలో 30 మందికి ఇద్దరే నర్సులు: యాజమాన్యానికి ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మీ హైదరాబాద్ ఆస్పత్రి సర్జికల్ వార్డులో నర్సుల కొరత

అయ్యా,

గత నెల మీ ఆస్పత్రిలో మా అమ్మకు తుంటి ఎముక ఆపరేషన్ జరిగింది. డాక్టర్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, నర్సుల మీద అసలే లేదు. అంత తక్కువ మందితో వార్డు నడిపిస్తున్న మీ మీదే ఈ ఫిర్యాదు.

రాత్రి 8 దాటితే ఆ వార్డులో 30 మందికి ఇద్దరే సిస్టర్లు. ఒకరోజు అర్ధరాత్రి అమ్మకు సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం ఎక్కుతోంది. కాల్ బెల్ ఎంతసేపు నొక్కినా ఎవరూ రాలేదు. వెళ్లి చూస్తే ఒక సిస్టర్ వాంతులు చేసుకుంటున్న పేషెంట్‌ను పట్టుకుని ఉన్నారు. ఇంకొకరు ఐసీయూ నుంచి వచ్చిన పేషెంట్‌ను బెడ్ మీదకు మారుస్తున్నారు. ఆమె పరుగున వచ్చేసరికే అమ్మ చేతి నరానికి పెట్టిన సూది గొట్టం, కాన్యులాలో రక్తం గడ్డకట్టింది. అమ్మకు నరం దొరకడమే కష్టం, రెండో చేతికి మళ్లీ గుచ్చాల్సి వచ్చింది. ఆ అమ్మాయి మాకు సారీ చెప్పింది. చెప్పాల్సింది ఆమె కాదు.

పొద్దున మీ ఫ్లోర్ మేనేజర్‌ను అడిగితే, "రాత్రి పేషెంట్లు పడుకునే ఉంటారు కదా" అన్నారు. ఆపరేషన్ అయినవాళ్లకు నొప్పులు ఎక్కువయ్యేది రాత్రే. పైగా ఫార్మసీకి మందుల కోసం రాసే ఇండెంట్లు, బిల్లింగ్ ఎంట్రీలు, ఇన్సూరెన్స్ కాగితాలు కూడా ఆ ఇద్దరి నెత్తినే. ఆ పనికి ఒక వార్డు క్లర్కును పెట్టలేరా?

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం జనరల్ వార్డులో ఐదుగురికి ఒక నర్సు, బోధనాసుపత్రుల్లో అయితే ముగ్గురికే ఒకరు ఉండాలి. సెలవుల కోసం ఇంకో 30 శాతం మంది అదనం. అమెరికాలో పెన్సిల్వేనియా ఆస్పత్రుల మీద 2002లో వచ్చిన అధ్యయనం ప్రకారం, నర్సుకు ఒక్క పేషెంట్ అదనంగా ఉన్నా, సర్జరీ అయినవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతుంది. మీ వార్డులో ఒక్కొక్కరికి 15 మంది.

బిల్లులో నర్సింగ్ ఛార్జీలు రోజువారీగా విడిగా వేశారు, కట్టాం. ఆ డబ్బుకు తగ్గ మనుషులు వార్డులో ఉండాలి. ఆ నెల నైట్ డ్యూటీ రోస్టర్ కాపీ ఇవ్వండి. ఎంతమందిని, ఎప్పట్లోగా తీసుకుంటారో 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే జిల్లా వైద్యారోగ్య శాఖాధికారికి ఫిర్యాదు చేస్తాను.

ఈ ఉత్తరం సాకుగా ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్లకు మెమోలు మాత్రం ఇవ్వకండి.

ఇట్లు,
పేషెంట్ కుమార్తె