సోలార్‌కు ‘సరే’ అన్నవారిని కరెంటు బిల్లు ఎంతో కూడా అడగాలి

సంపాదకులకు,

కాలుష్యం లేని కరెంటు కావాలా అని అడిగితే వద్దనేవారు ఎవరుంటారు? ఓటర్లంతా సోలార్‌ వైపే ఉన్నారంటూ వచ్చే సర్వే శీర్షికలు చాలావరకు ఇలాంటి ప్రశ్నలోంచి పుట్టినవే. ఆ ‘అవును’కు బరువెంతో తెలియాలంటే వెంటనే ఇంకోటి అడగాలి: పోయిన నెల మీ ఇంట్లో ఎన్ని యూనిట్లు కాలాయి?

ఆంధ్రప్రదేశ్‌ గృహ టారిఫ్‌తో లెక్క వేసి చూడండి. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌ రూ.1.90, ఆపై 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ చార్జీ రూ.304.50 వస్తుంది. 300 యూనిట్ల ఇంటికి రూ.1,673. వాడకం మూడింతలైతే బిల్లు అయిదింతలు దాటింది. ఫిక్స్‌డ్‌ చార్జీలు, సుంకం, సర్దుబాట్లు దీనికి అదనం.

ఇక ప్యానెళ్ల సంగతి. మన ఎండకు ఒక కిలోవాట్‌ రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే నెలకు 120 దాకా ఇస్తుంది. దానికి దాదాపు వంద చదరపు అడుగుల నీడ పడని డాబా కావాలి. డాబా మీది ప్యానెళ్లకు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్‌ రాయితీ కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండింటికి రూ.60 వేలు, మూడు కిలోవాట్లయినా, అంతకు మించినా రూ.78 వేలే. కిలోవాట్‌ బిగింపు రూ.70 వేలనుకుంటే చిన్న ఇంటివారు చేతి నుంచి పెట్టేది రూ.40 వేలు, నెలకు మిగిలేది మూడొందలు. పెట్టుబడి తిరిగి రావడానికి పదకొండేళ్లు. 300 యూనిట్ల ఇంటివారు మూడు కిలోవాట్లకు రూ.1.90 లక్షలు అయిందనుకున్నా, రాయితీ పోను రూ.1.12 లక్షలు పెట్టి అయిదున్నరేళ్లలో రాబట్టుకుంటారు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు అందుకుంటున్న ఇంటికైతే మిగిలేదే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల వరకు ప్రభుత్వమే ఉచితంగా పెడతానంటోంది కాబట్టి వారి లెక్క వేరు. ఇన్ని రకాల ఇళ్లవారు చెప్పిన ‘అవును’లను సర్వే ఒకే గంపలో వేసి శాతం కట్టేస్తోంది. అద్దె ఇళ్లవారు, డాబా మీద సొంత హక్కు లేని అపార్టుమెంటు వాసులు కూడా అందులోనే ఉంటారు.

ఇంకో పొరపాటు ఆశల దగ్గర జరుగుతోంది. సోలార్‌ పెడితే కరెంటు కోత ఉండదని నమ్మి ‘అవును’ అనేవారు తక్కువేమీ కాదు. నెట్‌ మీటరింగ్‌ (మిగిలిన కరెంటును లైన్‌లోకి పంపి బిల్లులో తగ్గించుకునే పద్ధతి) కింద మామూలుగా బిగించేది ఆన్‌గ్రిడ్‌ ఇన్వర్టర్‌, అంటే లైన్‌తో కలిసి పనిచేసేది. లైన్‌లో సరఫరా పోగానే అదీ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. అలా ఆగకపోతే డాబా మీది కరెంటు ఎదురు వెళ్లి స్తంభమెక్కిన లైన్‌మన్‌ ప్రాణం తీస్తుంది. కోతలోనూ ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ, హైబ్రిడ్‌ ఇన్వర్టర్‌ కావాలి, వాటి ఖర్చు వేరే. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి అడిగితే ‘అవును’లు ఎన్ని నిలుస్తాయో చూడాలి. చెప్పకుండా అమ్మే ఏజెంట్ల వల్ల రేపు అదే ఓటరు పథకాన్నే తిట్టుకుంటాడు.

ప్రశ్న అడిగే తీరుతో జవాబు ఎంత మారుతుందో పెద్ద సర్వేల్లోనే కనిపిస్తుంది. అమెరికాలోని యేల్‌ విశ్వవిద్యాలయం, సర్వే సంస్థ సీఓటర్‌ కలిసి 2021-22లో మన దేశంలో చేసిన సర్వేలో 54 శాతం మంది భూతాపం గురించి తమకు కొద్దిగానే తెలుసనో, అసలు విననేలేదనో అన్నారు. అదేమిటో రెండు మాటల్లో వివరించి అడిగితే అది జరుగుతోందని 84 శాతం ఒప్పుకున్నారు. 2024 ఎన్నికల ముందు లోక్‌నీతి-సీఎస్‌డీఎస్‌ అనే పరిశోధన సంస్థ వారు ఓటుకు అన్నిటికన్నా ముఖ్యమైన అంశమేదని అడిగితే 27 శాతం నిరుద్యోగమని, 23 శాతం ధరల పెరుగుదల అని చెప్పారు. వాళ్లు ప్రకటించిన ప్రధాన అంశాల్లో వాతావరణ మార్పు లేదు. అలాగని జనానికి పట్టదనుకోకూడదు. మన దగ్గర ఆ పట్టింపు కరెంటు ధరల ఖాతాలోకి వెళ్తుంది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్‌ బషీర్‌బాగ్‌లో కాల్పుల దాకా వెళ్లింది కరెంటు చార్జీల గొడవే. 2004లో ఎన్నికను మలుపు తిప్పిన హామీల్లో రైతులకు ఉచిత విద్యుత్తు ఒకటి. ట్రూ అప్‌ (పాత ఖర్చుల లోటును తర్వాత రాబట్టడం) పేరుతో బిల్లులో అదనంగా ఒక వరుస కనిపించగానే ఏ ప్రభుత్వానికైనా గుబులెందుకో చెప్పనక్కర్లేదు.

భూమి సంగతి సర్వేలు దాదాపు ముట్టుకోవు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గరి వెయ్యి మెగావాట్ల సోలార్‌ పార్కు కోసం దాదాపు ఆరు వేల ఎకరాలు పట్టింది. 2025లో ఉలవపాడు మండలం కరేడు రైతులు సోలార్‌ పరిశ్రమకు పంట భూములివ్వబోమని జాతీయ రహదారి మీదికొచ్చారు. వారిని ‘సోలార్‌ వ్యతిరేకులు’ గడిలో వేస్తే తప్పు, అనుకూలుర గడిలో వేసినా తప్పే. ‘మీ ఊళ్లో, మీ పొలం పక్కన, ఎకరాకు ఏటా ఇంత కౌలుకు’ అని అడగాల్సిన ప్రశ్న అది.

అంకెల పెళుసుదనం కూడా పాఠకులకు తెలియాలి. వెయ్యి మందిని అడిగితే అటూఇటూ 3 శాతం తేడా ఉంటుంది. ఆ వెయ్యిలో రైతులు 120 మందే ఉంటే వారి అంకెకు తేడా 9 శాతం. జిల్లాకు రెండొందల మందిని అడిగి, ఒక జిల్లా మరోదానికన్నా నాలుగు శాతం ముందుందని రాస్తే అది వార్త కాదు. ఫోన్‌ సర్వే అయితే ఫోనెత్తేది ఎక్కువగా ఇంటి పెద్ద. మోటారు వేసేది, రాత్రి కోతలో పిల్లలకు విసిరేది ఎవరో వారి మాట రాదు. మే నెల వడగాడ్పుల్లో అడిగిన సర్వేను ఆగస్టు వానల్లో అడిగినదానితో పోల్చడమూ కుదరదు.

మీ పత్రిక చేయగలిగింది ఒకటుంది. ఫలితాల పట్టిక కింద నాలుగు వరుసలు కేటాయించండి: ప్రశ్న అడిగినది అడిగినట్టుగా, ఎంతమందిని, ఏ తేదీల్లో, ఎవరి ఖర్చుతో. వీటిని ఇవ్వనంటున్న సంస్థ అంకెలను మొదటి పేజీకి ఎక్కించకండి.

– విద్యుత్‌ శాఖ విశ్రాంత ఇంజినీరు, ఒంగోలు