డిశ్చార్జి కాగితంలో ఒక్క గడి కోసం

ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా బాబుకి పదకొండో రోజున స్నానం చేయిస్తుంటే మెడకీ కుడి భుజానికీ మధ్య చిన్న గట్టి బుడిపె చేతికి తగిలింది. ఆ చెయ్యి వాడు సరిగ్గా ఎత్తడం లేదని, చొక్కా తొడిగినప్పుడల్లా గుక్కపెడుతున్నాడని అప్పటికే టెన్షన్‌గా ఉంది. ఎక్స్‌రే తీస్తే కాలర్ బోన్ విరిగి అతుక్కుంటోందని తేలింది. డాక్టర్ గారు మొదట అడిగింది, "ఎవరైనా కింద పడేశారా?" అని. ఇంట్లో ఆ రెండు రోజులూ ఎవరి చేతుల్లో బిడ్డను పెట్టాలన్నా భయమే. మా అత్తగారైతే వాణ్ణి ఎత్తుకోవడమే మానేశారు.

కాన్పు జరిగిన ఆసుపత్రికి వెళ్లి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు, తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుందని. బిడ్డ నాలుగు కిలోలు దాటాడు. అలాంటప్పుడు ఊపిరి అందకపోవడం ముందు కాలర్ బోన్ ఎంత! ఎముక విరిగినందుకు నా ఫిర్యాదు లేదు. చూడనందుకు, రాయనందుకు, చెప్పనందుకు.

పుట్టేటప్పుడు విరిగే ఎముకల్లో ఎక్కువగా కనిపించేది ఇదేనట. మామూలుగా రెండు మూడు వారాల్లో దానంతట అదే అతుక్కుంటుంది. చొక్కా చేతిని ముందువైపు పిన్నుతో కదలకుండా ఉంచితే చాలు, కట్టు కూడా అక్కర్లేదు. ఎదురుకాళ్లతో వచ్చే బిడ్డలకు తొడ ఎముకో, భుజం కింది ఎముకో విరగొచ్చు. సిజేరియన్‌లోనూ జరుగుతుంది. ఫోర్సెప్స్, వాక్యూమ్ వాడినప్పుడు అరుదుగా పుర్రె ఎముక చిట్లుతుంది.

దెబ్బే తగలకుండా విరిగే ఎముకల సంగతి వేరు. ఎముకలకు కావలసిన క్యాల్షియం, ఫాస్ఫరస్‌లో దాదాపు 80 శాతం బిడ్డకు చివరి మూడు నెలల్లోనే తల్లి నుంచి అందుతుంది. బాగా ముందే పుట్టిన బిడ్డ ఆ వాటా అందుకోకుండానే వచ్చేస్తుంది. ఆపైన వారాల తరబడి సెలైన్ గొట్టం ద్వారా ఆహారం, ఎముకల్ని పలచబరిచే కొన్ని మందులు. అలాంటి బిడ్డకు డైపర్ మారుస్తున్నా పక్కటెముక విరగొచ్చు. పుట్టుకతోనే ఎముకలు గాజులా పెళుసుగా ఉండే జన్యు జబ్బు కూడా ఉంది. సుమారు 15 నుంచి 20 వేల మందిలో ఒకరికి వస్తుంది. కొందరిలో కంటి తెల్లగుడ్డు నీలంగా కనిపిస్తుంది.

పసిబిడ్డల్ని కొట్టేవాళ్లూ ఉన్నారు, కాదనను. వెన్ను దగ్గర పక్కటెముకలు విరిగినా, కీళ్ల పక్కన ఎముక అంచులు చిట్లినా అనుమానించాల్సిందే. అందుకే "ఆ ప్రశ్న అడగొద్దు" అనడం లేదు. కానీ ఏడు నుంచి పది రోజులకల్లా విరిగిన చోట కొత్త ఎముక ఎక్స్‌రేలో కనిపించడం మొదలవుతుంది. రెండు వారాలు దాటినా దాని జాడ లేకపోతే అది కాన్పులో విరిగిన ఎముక కాకపోవచ్చు. ఈ లెక్క వేయాలన్నా పుట్టిన రోజు ఏం చూశారో రాసి ఉండాలి కదా! మా కాగితంలో బరువు గ్రాములతో సహా ఉంది, భుజం ఇరుక్కుందన్న మాట మాత్రం లేదు.

కాబట్టి, అయ్యా, ప్రతి డిశ్చార్జి కాగితంలో ఒక గడి పెట్టించండి. రెండు కాలర్ బోన్లూ తడిమి చూశారా, రెండు చేతులూ రెండు కాళ్లూ సమానంగా కదులుతున్నాయా, కాన్పు ఎలా జరిగింది అని. ఒక నర్సుకి రెండు నిమిషాల పని. అనుభవమున్న చేతికి కూడా మొదటి రోజు దొరకని ఎముక విరుపు ఉంటుంది, అందుకని డిశ్చార్జి తర్వాత మొదటిసారి టీకాలకు వచ్చినప్పుడు మరోసారి చూడాలి. బరువు బాగా తక్కువున్న బిడ్డలకు ఐసీయూలో ఉండగానే ఎముకల రక్తపరీక్షలు చేయాలి. కారణం తెలియకుండా ఒకటికి మించి ఎముకలు విరిగితే బిడ్డ భద్రత చూస్తూనే ఆ పెళుసు ఎముకల జన్యు జబ్బు పరీక్షా ఉచితంగా చేయించాలి.

చూసింది తల్లికి నోటితో కూడా చెప్పమనండి. కాన్పైన ఒళ్లుతో ఆ కాగితం చదివే ఓపిక మాకు ఉండదు.

ఇట్లు,
ఒక తల్లి