ఏనుగుల ఆశ్రయంలో ముందుగా పాదాలు చూడండి

సంపాదకులకు నమస్కారం.

మథుర, ఆగ్రా యాత్రలకు మన రాష్ట్రాల నుంచి ఏటా ఎంతోమంది వెళుతున్నారు. మథుర జిల్లాలోనే, చుర్మురా గ్రామం దగ్గర వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ 2010 నుంచి ఏనుగుల సంరక్షణ కేంద్రం నడుపుతోంది. 2018లో ఏనుగులకు ప్రత్యేక ఆసుపత్రి కూడా తెరిచింది. సర్కస్‌ల నుంచి, పెళ్లి ఊరేగింపుల నుంచి, వీధుల్లో అడుక్కునే బతుకు నుంచి తప్పించినవే ఇక్కడికి చేరతాయి. 2015లో ఆంధ్రప్రదేశ్‌లోని ఒక సర్కస్ నుంచి వచ్చిన సూజీకి రెండు కళ్లూ కనిపించేవి కావు.

అక్కడికి వెళ్లినవాళ్లు తొండాన్ని ఫొటో తీసుకుని వచ్చేస్తారు. చూడాల్సింది పాదాలు. అడవిలో మైళ్లకొద్దీ నడకకు గోళ్లు, అరికాలు తగినంత అరుగుతాయి. ఎండకు కాగిన తారురోడ్డు మీద నడిపిస్తే అరికాలు పలచబడి పగులుతుంది. గొలుసేసి సిమెంటు గచ్చు మీద నిలబెడితే గోళ్లు పెరిగి చీలతాయి. మూత్రం, లద్దె తడికి నాని చీము పడతాయి. చీము ఎముకకు చేరితే ప్రాణానికే ముప్పు. గోరువెచ్చని నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ వేసి కాలు నానబెట్టాలి. చెడిన చర్మాన్ని పొరలు పొరలుగా తీసి, గోళ్లను ఆకురాయితో అరగదీయాలి. నెలల తరబడి సాగే పని ఇది. పిలవగానే ఏనుగు తనంతట తానే కమ్మీల సందులోంచి కాలు చాపుతుందా, గమనించండి. అలా నేర్పినచోట మనిషి చేతిలో అంకుశం ఉండదు, పండ్ల బుట్ట ఉంటుంది. కీళ్లనొప్పులున్న ముసలి ఏనుగులు పడుకుంటే లేవలేవు. ఆనుకుని కునుకు తీయడానికి వాటికి మట్టిదిబ్బలు పోస్తారు.

ముందుగా బుక్ చేసుకునే వెళ్లాలి. దగ్గు ఉన్నవాళ్లు ఆగిపోండి, మనుషుల క్షయ ఏనుగులకూ సోకుతుంది. లడ్డూలు, బెల్లం తీసుకెళ్లొద్దు. ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి, అందులో ఎక్కువభాగం పచ్చగడ్డే. కణతల నుంచి నల్లగా కారుతున్న మగ ఏనుగు మదంలో ఉన్నట్టు లెక్క, దూరం నుంచే చూడాలి.

ఎక్కడైనా సరే, ఆశ్రయమని బోర్డు పెట్టి సవారీ చేయిస్తే, మీచేత ఏనుగుకు స్నానం చేయిస్తే అది ఆశ్రయం కాదు. ఏనుగు వెన్నుపూసల ఎముకలు ముళ్లలా పైకి పొడుచుకుని ఉంటాయి. అంబారీ బరువు వాటి మీదే పడుతుంది. స్నానం ముద్దుగానే కనిపిస్తుంది కానీ, ముక్కూమొహం తెలియని పదిమంది మధ్య కదలకుండా నిలబడాలంటే ఆ ఏనుగును ముందే భయపెట్టి లొంగదీసి ఉండాలి.

ఆగ్రా ప్యాకేజీల్లో జైపూర్ ఆమేర్ కోట మీదికి ఏనుగు సవారీని కూడా కలుపుతున్నారు. ఆ కోట పైకి జీపులూ వెళతాయి. మీ పర్యాటక పేజీలో ఆమేర్ గురించి రాసినప్పుడు ఆ సంగతి కూడా వేయండి.

— ఒక పశువైద్యుడు, చిత్తూరు