వర్క్ ఫ్రమ్ హోమ్ సరే, మా జిల్లాలో సీటు ఏది?

సంపాదకులకు నమస్కారం.

మా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. వచ్చే నెల నుంచి అందరూ వారానికి మూడు రోజులు హైదరాబాద్ ఆఫీసుకు రావాలట. కుదరని వాళ్లు మేనేజర్‌తో మాట్లాడుకోవాలట. మాట్లాడుకున్నవాళ్లలో ఇద్దరు ఇప్పటికే పేపర్లు పెట్టేశారు. ఇద్దరూ ఆడవాళ్లే, ఇద్దరికీ చిన్న పిల్లలు.

నేను మెడికల్ కోడర్‌ని. అమెరికా ఆసుపత్రుల కేసు షీట్లు చదివి, ఏ జబ్బు, ఏ చికిత్స అన్నది ఇన్సూరెన్స్ వాళ్లకు తెలిసేలా కోడ్లు వేయడం మా పని. ఉత్త షుగర్‌కు ఒక కోడ్, షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతింటే ఇంకో కోడ్. రోజుకు ఇన్ని చార్టులని (కేసు షీట్లని) టార్గెట్ ఉంటుంది, పైగా క్వాలిటీ తగ్గకూడదు. మాది ఆర్మూర్ దగ్గర పల్లె. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. ఇంట్లో అత్తమ్మ, మామయ్య, ఇద్దరు పిల్లలు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కంపెనీ వాళ్లు సిస్టమ్‌ను కారులో ఇంటికి పంపించారు. అప్పుడది రాకపోతే నా ఉద్యోగం పెళ్లితోనే ముగిసేది. కాబట్టి వర్క్ ఫ్రమ్ హోమ్ దండగ అని నేననను. కానీ ఇది ఆడవాళ్లకు వరమని రాసేవాళ్లు, చెప్పేవాళ్లు ఒక్కసారి మా ఇంటికి వచ్చి చూడాలి.

రోగుల వివరాలు బయటికి పోకూడదని అమెరికాలో 1996 నుంచి చట్టం ఉంది. అందుకని మేము పనిచేసే గదికి తలుపుండాలి, స్క్రీన్ ఇంకొకరి కంట పడకూడదు, టేబుల్ మీద ఫోన్ కూడా ఉండకూడదు. మా ఇంట్లో గడియ పడే గది ఒక్కటే, అందులో పసుపు బస్తాలు ఉంటాయి. వాటి మధ్యనే టేబుల్ వేసుకున్నాను. పసుపు ఉడకబెట్టే రోజుల్లో పొద్దున్నే కూలీలకు వంట చేసి, లాగిన్ అయి, మళ్లీ పదకొండింటికి చాయ్ పెట్టడానికి లేవాలి. పని ఆగి సిస్టమ్ ఐడిల్‌లోకి పోతే ఆ నిమిషాలన్నీ లెక్కలోకి వస్తాయి. గ్యాస్ బండ వచ్చినా, పక్కింటివాళ్ల పార్సిల్ వచ్చినా మా ఇంటికే పంపిస్తారు. ‘ఆమె ఇంట్లనే ఉంటది గదా’ అంటారు. కరోనాలో మా మరిది కూడా ఇంటి నుంచే పనిచేశాడు. ఆయన తలుపు వేసుకుంటే పిల్లల్ని ఆ వాకిట్లోకి కూడా పోనిచ్చేవారు కాదు. అత్తమ్మ మంచిదే. నాకు జీతం వస్తుందని ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది. అయినా అన్నం టైముకు నా తలుపే కొడుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. ఆఫీసును తెచ్చి ఆ ఇంట్లోనే పెడితే ఈ 289 తగ్గుతాయని ఎవరైనా అనుకుంటే వాళ్లు వంటింట్లో నిలబడి ఎరగరు.

ఇక ప్రమోషన్లు. నా దగ్గర పని నేర్చుకున్న అబ్బాయి ఇప్పుడు నా చార్టులు ఆడిట్ చేస్తున్నాడు. అతని మీద నాకు కోపం లేదు, తెలివైనవాడు. కాకపోతే టీమ్ లీడ్ పోస్టు ఖాళీ అయిన సంగతి అతనికి క్యాంటీన్‌లో తెలిసింది. నాకు, పోస్టు నిండాక మెయిల్‌లో తెలిసింది.

మా అమ్మ బీడీలు చేసేది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటి నుంచి పని కొత్తదేమీ కాదు. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, వెయ్యికి ఇంత అని చేసిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ పనిలో కష్టం, దగ్గు, దోపిడీ అన్నీ ఉన్నాయి, దాన్ని మెచ్చుకోవడం లేదు. అయితే 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చేసేవాళ్లను కూడా కార్మికులుగానే గుర్తించింది. అమ్మకు పీఎఫ్ ఉంది, ఇప్పుడు నెలకు రూ.2,016 ప్రభుత్వ భృతి కూడా వస్తోంది. ఇంకో సంగతి. సాయంత్రం కట్టలు కట్టి కార్ఖానాకు పోయి ఇచ్చి రావాలి. అక్కడ లైన్‌లో నిలబడ్డప్పుడే ఎవరికి ఎన్ని బీడీలు బాగోలేవని తీసేశారు, ఎవరి పీఎఫ్ పడలేదు, యూనియన్ మీటింగ్ ఎప్పుడు అన్నీ తెలిసేవి. ‘మేము అప్పజెప్పి వస్తే ఆ పూటకు పని అయిపోయేది. నీదెప్పుడు అయిపోతది?’ అని అమ్మ అడుగుతుంది. మాకు ఆ కార్ఖానా లేదు. నా పక్క సీటులో ఎవరుండాలో, ఆమె జీతమెంతో నాకు తెలియదు. కెమెరా ఆఫ్ చేసుకున్న పేర్లు తప్ప మా టీమ్ ఆడవాళ్ల ముఖాలు కూడా నాకు సరిగా గుర్తు లేవు.

చట్టం లేదా అంటే ఉంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలకు పెంచినప్పుడు, పనిని బట్టి ఆ తర్వాత ఇంటి నుంచి చేయవచ్చనీ రాశారు. కానీ అది యాజమాన్యం, ఉద్యోగి ‘కలిసి ఒప్పుకున్న’ షరతుల మీదట. ఒకవైపు కంపెనీ, ఇంకోవైపు పాలిచ్చే తల్లి. వీళ్లిద్దరి మధ్య ఒప్పందం ఎలా కుదురుతుందో చెప్పాలా? ఒప్పుకోకపోతే ఎందుకో కాగితం మీద రాసివ్వాలన్న నిబంధన ఒక్కటి ఉన్నా మా ఇద్దరు పేపర్లు పెట్టేవాళ్లు కాదేమో.

2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు గారు మహిళలకు పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ తెస్తామన్నప్పుడు అందరూ ఆ ముక్కే పట్టుకున్నారు. నగరాల్లో, పట్టణాల్లో, మండలాల్లో ఐటీ ఆఫీసు స్థలాలు కట్టేవాళ్లకు ప్రోత్సాహకాలిస్తామని కూడా ఆయన చెప్పారు. నాకు నచ్చింది అదే. అది ఎంతవరకు అమలవుతుందో గానీ, మాకు అందనంత దూరం హైదరాబాద్, మరీ ఇంత దగ్గర పసుపు బస్తాల గది, ఈ రెండింటి మధ్య ఒక చోటు ఉండాలి.

మాకు ఆ చోటు కొత్తగా కట్టనక్కర్లేదు. నిజామాబాద్‌లో ఐటీ హబ్ 2023 ఆగస్టులోనే తెరిచారు. ఆర్మూర్ నుంచి గంట లోపు ప్రయాణం. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ కూడా లేదు. ప్రభుత్వం అక్కడ కొన్ని సీట్లు పక్కన పెట్టి, హైదరాబాద్ కంపెనీలు తమ జిల్లా ఉద్యోగినుల కోసం అద్దెకు తీసుకునేలా చేయాలి. పని వేళల్లో పిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా అక్కడే పెట్టాలి. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017 సవరణలోనే ఉంది కదా. ఒక్కో కంపెనీకి ఇక్కడ పదిమందే ఉంటారు కాబట్టి కంపెనీ వారీగా లెక్కిస్తే ఎవరికీ వర్తించదు, బిల్డింగ్ మొత్తానికి లెక్కించాలి. ఆ మూడు రోజుల హాజరు అక్కడ వేయించుకోవడానికి నేను రేపే సిద్ధం. మా కంపెనీ హెచ్ఆర్‌కు ఇదే రాశాను. సమాధానం ఇంకా రాలేదు.

దయచేసి నా పేరు వేయకండి.

– ఒక మెడికల్ కోడర్,
నిజామాబాద్ జిల్లా