జీడి తోటల్లో తుప్పలు పొద్దున్నే కాల్చాలి, మధ్యాహ్నం కాదు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి వెళ్లిందంటే మా ఉద్దానంలో ఏ ఊరి మీదుగా పోయినా తోటల్లో పొగ కనిపిస్తుంది. మార్చికల్లా జీడి పిక్కలు రాలడం మొదలవుతుంది, రాలిన పిక్క కంటికి ఆనాలంటే చెట్టు కింద నేల శుభ్రంగా ఉండాలి, అందుకే జనవరి, ఫిబ్రవరి నెలల్లో రైతులందరూ తుప్పలు నరికిస్తారు, ఎండుటాకు ఊడ్పిస్తారు, కుప్పలు వేసి కాలుస్తారు. తాతల నాటి నుంచీ ఉన్న పనే. దాన్ని పూర్తిగా మానేయమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఏ వేళప్పుడు కాల్చాలి, ఎవరికి చెప్పి కాల్చాలి అన్నదానికి ప్రతి పంచాయతీలో ఒక కట్టుబాటు ఉండాలని రాస్తున్నాను.

నిప్పు పక్క తోటలోకి పాకడానికి నేను చూసినంతలో పెద్ద కారణం మధ్యాహ్నం కాల్చడమే. కూలీలు పొద్దున్న ఏడింటికి వచ్చి నరకడం మొదలుపెడతారు, ఒంటిగంట అయ్యేసరికి కుప్ప తయారవుతుంది, మనుషులు ఉండగానే కాల్చేస్తే రేపటి కూలి మిగులుతుంది కదా అని రైతు అగ్గిపుల్ల గీస్తాడు. సరిగ్గా ఆ వేళకే సముద్రపు గాలి అందుకుంటుంది. వజ్రపుకొత్తూరు నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంబడి ఉన్న ఎవరినడిగినా చెబుతారు, పది, పదకొండు దాటితే గాలి సముద్రం మీంచి లోపలికి కొడుతుంది, పొద్దు వాలేదాకా తగ్గదు. అదే తోటలో తెల్లవారి ఆరు గంటలకి చూడండి, చాలా రోజులు ఆకు కదలదు, గడ్డి మీద మంచు తడి ఉంటుంది, చెదిరిన నిప్పురవ్వ పడినచోటే ఆరిపోతుంది.

కిందటేడు మా తోటకి సముద్రం వైపున్న తోటలో భోజనాల వేళ కుప్ప అంటించి మనుషులు నీడకి వెళ్లారు. మంట నేల మీద పాకి వస్తే కొమ్మలతో కొట్టి ఆపేవాళ్లమేమో, అది ముందు గట్టు మీద ఎండిన మొగలి డొంకని పట్టుకుని, అక్కడి నుంచి తాటిచెట్టు ఎక్కింది. తాటిచెట్టుకి వేలాడే ఎండు కమ్మలు అంటుకున్నాయంటే మంట క్షణాల్లో మొవ్వు దాకా పోతుంది, పైనుంచి కాలుతున్న కమ్మ ముక్కలు గాలికి లేచి రెండు గట్ల అవతల పడతాయి. ఒకచోట ఆర్పుతుంటే ఇంకోచోట లేచింది. మా పెద్ద చెట్లు కాలి బూడిద కాలేదు, వట్టి సెగకే పూత మాడిపోయింది. దూరం నుంచి చూస్తే చెట్టు పచ్చగానే ఉంది, ఆ వరసలో మాత్రం పిక్క లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటల్ని నేలమట్టం చేశాక నాటుకున్న అంటు మొక్కలకి సెగ తగిలిన వైపు బెరడు పగిలిపోయింది. జీడి అంటు నాటితే కాపు చూడడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, నిలదొక్కుకోవడానికి ఇంకా ఎక్కువ. ఒక మధ్యాహ్నం తొందరకి పక్కవాడు ఇంత పోగొట్టుకోవాలా?

దీని గురించి ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. పట్టా భూమి కాబట్టి అటవీ శాఖ తనది కాదంటుంది, ప్రైవేటు తోట కాబట్టి పంచాయతీ జోక్యం చేసుకోదు, ఫైరింజను పలాస నుంచో సోంపేట నుంచో బయల్దేరి వచ్చినా తోటల మధ్య ఇసుక దారిలో లోపలికి రాలేదు. చట్టం లేక కాదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద నిప్పు విషయంలో ఇతరుల ప్రాణానికి అపాయం కలిగేంత నిర్లక్ష్యం చూపితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. కానీ రేపు పెళ్లికో పేరంటానికో ఎదురుపడాల్సిన ఇరుగుపొరుగు మీద కేసు ఎవరు పెడతారు? కాలిపోయాక కేసు పెట్టుకునే కన్నా కాలకుండా చూసుకునే దారి కావాలి మాకు.

ఆ దారి కష్టమైనదేమీ కాదు. నరికిన రోజే కాల్చకూడదు. పచ్చి తుప్ప సరిగ్గా మండదు, ఊరంతా కమ్మేసే పొగ వస్తుంది, మండడం లేదని పాత టైరో డీజిలో వేస్తారు, ఆ నల్లపొగ పసిపిల్లలూ ముసలివాళ్లూ పీల్చాలి. నాలుగు రోజులు ఎండనిచ్చి, చెట్ల కొమ్మలకీ కరెంటు తీగలకీ దూరంగా ఖాళీ జాగా చూసుకుని, చుట్టూ పది అడుగుల మేర ఆకూ గడ్డీ లేకుండా మట్టి కనబడేదాకా గీకి, తెల్లవారుతూనే అంటించాలి. మనిషెత్తు కుప్పకి ఒకేసారి నిప్పు పెట్టడం కాదు, చిన్న మంట వేసుకుని పక్క కుప్పలోంచి కొంచెం కొంచెంగా తెచ్చి వేస్తూ ఉంటే మంట మన చేతిలో ఉంటుంది, గాలి మొదలైతే వేయడం ఆపేయొచ్చు. ఎండిన కుప్పని ఉన్నచోటే కాల్చకుండా ఇలా కదిపి వేసుకోవడంలో ఇంకో మంచి కూడా ఉంది, నాలుగు రోజులు పడి ఉన్న కుప్పలో పాము చేరుతుంది, ముంగిస దూరుతుంది, కదిపితే వాటి దారిన అవి పోతాయి.

రెండు డ్రమ్ముల నీళ్లు, ఒక పార, నాలుగు పచ్చి కొమ్మలు దగ్గర పెట్టుకోవాలి. తొమ్మిదింటికల్లా మంట అయిపోవాలి. అయిపోయాక వెళ్లిపోవడం కాదు, అసలు పని అప్పుడే ఉంది. పైన బూడిద తెల్లగా చల్లగా కనిపిస్తుంది, కింద పాత మోడు వేరు పట్టుకుని నిప్పు రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. నివురు పారతో తిరగేసి నీళ్లు పోసి, మళ్లీ తిరగేసి, అరచేయి దగ్గర పెట్టినా వేడి తగలదు అనుకున్నాకే కదలాలి. మధ్యాహ్నం గాలికి లేచే మంటల్లో కొన్ని ఇలా పొద్దున్న వదిలేసిన నివురులోంచి లేచేవే.

ఎలుగుబంట్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మావాళ్లలో చాలామంది తుప్పలు కాల్చేది పిక్కల కోసమే కాదు, భయంతో కూడా. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడి చేసి ఒకరి ప్రాణం తీసింది, ఇంకొందరిని గాయపరిచింది. అప్పటినుంచి తోటలోకి ఒంటరిగా వెళ్లాలంటే ఆడవాళ్లకి టెన్షనే, ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. కానీ డొంకని నరక్కుండా నిలువునా అంటించేస్తే లోపల ఉన్న జంతువు ఎటు పరుగెత్తుతుందో చెప్పలేం, ఊరి వైపే రావచ్చు. ఇంటి దగ్గరి తుప్ప, దారి పక్క తుప్ప కత్తితో నరికి తీసేయండి, నిలబడి ఉన్న డొంకకి నిప్పు పెట్టకండి. మందస వైపు కొండ అంచు తోటల్లో అయితే మంట రిజర్వు అడవిలోకి పాకే ప్రమాదం ఉంది, అప్పుడు 1967 నాటి అటవీ చట్టం వర్తిస్తుంది. ఉపగ్రహాల్లో మంట కనిపించగానే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అటవీ సిబ్బంది ఫోన్లకి మెసేజ్ పంపుతుంది, మంచి ఏర్పాటే, కాకపోతే ఉపగ్రహం కంట పడే వేళకి గట్టు మీది మంట కొండెక్కి ఉంటుంది.

అసలు కుప్పలో వేసేదంతా కాల్చాల్సిందే కూడా కాదు. మాది ఇసుక నేల, నీరు నిలవదు, సత్తువ తక్కువ. చెట్ల వరసల మధ్య కందకం తీసి ఎండుటాకూ సన్న కొమ్మలూ అందులో వేసి మట్టి కప్పితే వానలకి కుళ్లి ఎరువవుతుంది, కింద పదును నిలుస్తుంది. లావు కొమ్మలు పొయ్యిలోకి పోతాయి. మిగిలేది ముళ్లకంప, తెగులు పట్టిన కొమ్మ, అంతమాత్రం కాలిస్తే చాలు. కందకం తీయడానికి మనుషులు దొరకరు, కూలి గిట్టదు అని రైతులు అంటే అది నిజమే. ఆ పని ఉపాధి పనుల్లో పెట్టించండి. కొమ్మలు ముక్కలు చేసే యంత్రం మండలానికి ఒకటి రైతు సేవా కేంద్రం ద్వారా అద్దెకి ఇప్పించండి. ఒక్కో రైతు కొనుక్కోలేడు, మండలానికి ఒకటి ప్రభుత్వానికి భారం కాదు.

పంచాయతీలని నేను అడిగేది ఇంతే. జనవరి 26న జరిగే గ్రామసభలో తీర్మానం చేయండి: తొమ్మిది దాటాక ఏ తోటలోనూ నిప్పు ఉండకూడదు, కాల్చే ముందురోజు సాయంత్రం నాలుగు పక్కలా ఉన్న రైతులకి చెప్పాలి, నివురు ఆరేదాకా మనిషి ఉండాలి. మార్చి మొదలు వానలు పడేదాకా అసలు కాల్చకూడదు. ఊళ్లో దండోరా వేయించండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి, తోట ఇక్కడ పెట్టుకుని విశాఖలో, హైదరాబాద్‌లో ఉంటున్నవాళ్లకి కూడా అందుతుంది, వాళ్ల తోటలు కౌలుకో కాపలాకో ఇచ్చినవాళ్ల చేతిలోనే ఉన్నాయి కాబట్టి వాళ్లకి తెలియడం ఇంకా ముఖ్యం.

మీ పత్రికని కూడా ఒకటి అడుగుతాను. జిల్లా పేజీలో రోజూ ఎండ ఎంతుందో వేస్తున్నారు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా దాని పక్కనే ఆ రోజు గాలి ఏ వైపు నుంచి, ఎంత వేగంతో వీస్తుందో వాతావరణ శాఖ చెప్పింది కూడా ఒక లైను వేయండి. పేపరు మా ఊరికి ఆరింటికల్లా వస్తుంది, కుప్ప అంటించే ముందు చూసుకుంటాం.

ఇట్లు,
ఒక జీడి రైతు,
మందస మండలం, శ్రీకాకుళం జిల్లా